మన పొరుగువాని పేరేమి?



పట్టణమునకు పోయి వచ్చినవారు మన ఊళ్లలో చెప్పు మాట ఒకటి కలదు. "అక్కడ ఎవరికి ఎవరును కారు. ప్రక్క వాటాలో పీనుగ లేచినను తెలియదు." ఈ మాట వినగానే అరుగుమీద కూర్చున్నవారందరు తలలూపుదురు. మన ఊరే మేలని ఒకరు, పట్టణములలో ప్రేమ చల్లారినదని మరియొకరు పలుకుదురు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పట్టణవాసుల నిమిత్తము రెండు మాటలు ఎక్కువగా ప్రార్థించువారు కూడ ఉన్నారు.

నేను పల్లెటూరి బడిలో ముప్పది యేండ్లు పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నా కుమార్తె విశాఖపట్టణమున ద్వారకా నగర్‌లో కాపురముండుటచేత 2013వ సంవత్సరము మొదలుకొని ఏటేట నాలుగైదు నెలలు అక్కడ గడుపుచున్నాను. మిగిలిన నెలలు మన ఊరిలోనే. రెండు చోట్ల అన్నము తినుచున్నవాడను గనుక ఈ మాటను కొంచెము పరిశీలించి చూడవలెనని తోచినది. పట్టణములో ఎవరికి ఎవరును కారనుట నిజమా? నిజమైతే అది పాపమా? ప్రేమించుటకు ముందు ఎరిగియుండుట అవసరమా, లేక పేరైన తెలియనివానిని ప్రేమించుట సాధ్యమా?

ద్వారకా నగర్ అనగా మీలో చాలమందికి ఆర్టీసీ కాంప్లెక్సు అని చెప్పిన వెంటనే తెలియును. శ్రీకాకుళము, విజయనగరము, నర్సీపట్నము, పాడేరు వైపులనుండి వచ్చు బస్సులు దింపు చోటు అదే. బస్సు దిగి రోడ్డు దాటి రెండు సందులు లోపలికి పోయితిమా, ఇక ఇండ్లకంటె బోర్డులే ఎక్కువ. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు, పోలీసు ఉద్యోగములు, గ్రూపు పరీక్షలు, వీటన్నిటికి కోచింగు ఇచ్చు సంస్థలు. వాటిని ఆనుకొని పుస్తకముల దుకాణములు, జిరాక్సు దుకాణములు, మెస్సులు, హాస్టళ్లు. డైమండ్ పార్కు దిక్కునకు పోయిన పౌర గ్రంథాలయము కలదు. ఉదయముననే అక్కడ పుస్తకము ముందు తలవంచుకొని కూర్చున్న పిల్లలను చూచిన, వారిలో సగముమంది మన పల్లెల పిల్లలేయని చెప్పులను బట్టియే గుర్తుపట్టవచ్చును.

ఈ పట్టణమునకు పాత కాపులు తక్కువ. 1901 జనాభా లెక్కలలో విశాఖపట్టణపు జనము సుమారు 40 వేలు. 2011 లెక్కలలో మహానగర పాలక సంస్థ పరిధిలో 17 లక్షలు దాటిరి. 1933లో ఓడరేవు తెరచినప్పుడు కొందరు వచ్చిరి. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో పెద్ద పోరాటము జరిగి ప్రాణములు పోయిన తరువాత, 1971లో దానికి పునాదిరాయి పడెను, 1992లో అది జాతికి అంకితమాయెను; ఆ పనికై మరికొందరు వచ్చిరి. ఆ కర్మాగారము కొరకే తమ ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు పోయినవారు వేరుగా ఉన్నారు. వారి సంగతి వేరే వ్రాయదగినది. నేను చెప్పవచ్చినదేమనగా, మా సందులో "మా తాత ఈ ఇంటనే పుట్టెను" అనగలవాడు నాకు ఇంతవరకు తటస్థపడలేదు. అందరును ఎక్కడినుండియో వచ్చినవారే.

ఇప్పుడు మన ఊరి ప్రేమ సంగతి చూతము. ఊరిలో అందరికి అందరు తెలియుదురు. ఎవరి గేదె ఈనినది, ఎవరింట చుట్టములు దిగిరి, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినది, తెల్లవారక ముందే తెలియును. ఇది మంచిదే. జ్వరము వచ్చినవానికి గంజి కాచి తెచ్చువారుందురు, పురిటికి మంత్రసాని కొరకు పరుగెత్తిన దినములలో లాంతరు పట్టుకొని వెంటవచ్చినవారుండిరి. దీనిని నేను తక్కువ చేయను.

అయితే సహోదరులారా, మన పేట ఎక్కడున్నది? ఊరి నడుమనా, ఊరి వెలుపలనా? మన పెద్దలకు ఊరి బావి దగ్గర చేద వేయు అధికారముండెనా? కాఫీ హోటలు బల్లమీద మన గ్లాసు మిగిలిన గ్లాసులతో కలిసియుండెనా, చూరుకు వేరుగా వ్రేలాడుచుండెనా? నా చిన్నతనమున ఇవి కండ్లారా చూచితిని. ఊరికి మన పేరు తెలియును, మన తండ్రి పేరు, తాత పేరు తెలియును. అంత బాగుగ తెలిసియుండుటచేతనే మనలను దూరముగా నిలిపిరి. ఎరుగుట వేరు, ప్రేమించుట వేరు. ఒకనిని అణచియుంచవలెనన్నను ముందుగా వాని వంశమంతయు ఎరిగియుండవలెను గదా.

మా సందులోని హాస్టలులో ఉండి పోలీసు పరీక్షకు చదువుకొనుచున్న పిల్లవాడొకడు టీ కొట్టు దగ్గర నాతో మాటలాడుచు, "మాస్టారండీ, ఇక్కడ నానెవుల్నో ఎవులికీ తెల్దు. అందికే తిన్నగా నడుస్తన్నాను" అనెను. ఈ మాట నన్ను చాల దినములు విడువలేదు. ఎవరికి ఎవరును కారని మనము నిందించు స్థితియే వానికి విడుదల. వాని గ్లాసు అందరి గ్లాసులతో కలిపి కడుగుదురు. బస్సులో వాని ప్రక్క కూర్చుండువాడు వాని ఇంటిపేరు అడుగడు. అయితే ఈ స్వాతంత్ర్యము టీ కొట్టు వరకే. అద్దె ఇల్లు వెదకబోయిన, అక్కడ ఇంటిపేరు అడిగి, దానితో తృప్తిలేక "మీరేమిటండీ?" అని మెల్లగా అడుగువారు పట్టణమునను ఉన్నారు. ఊరు బస్సెక్కి పట్టణమునకు రాలేదనుకొనరాదు.

కాబట్టి పల్లెలో ప్రేమ కలదు, పట్టణములో లేదు అను లెక్క కుదరదు. అట్లని, ఎవరికిని తెలియక బ్రతుకుటయే మేలనియు చెప్పలేము. దానికి చెల్లింపవలసిన వెల కూడ కలదు.

అదే సందులో మరియొక హాస్టలున్నది. ఒక గదికి నలుగురు, మంచము ఒక్కింటికి అద్దె. ఒక పర్యాయము ముగ్గురు పరీక్ష నిమిత్తము వేరే ఊరికి పోగా, మిగిలిన నాలుగవవాడు జ్వరముతో పడియుండెను. రెండు దినములు ఎవరును ఆ తలుపు తట్టలేదు. ప్రక్క గదిలోని వారు దుష్టులు కారు. వారు తలుపు వేసికొని చదువుకొనుచుండిరి, అంతే. మూడవ దినమున మంచినీళ్ల క్యానులు వేయువాడు ఖాళీ క్యాను కొరకు వచ్చి, అది ఖాళీ కాకుండ అట్లే నిండుగా నుండుట చూచి, "నీళ్లు తాగనోడెవడురా ఎండాకాలంలో" అని తలుపు త్రోసెను. తరువాత వానిని ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయిరి, వాడు బ్రతికెను. ఆ నీళ్లవాడు పిల్లవాని పేరు ఎరుగడు. క్యాను లెక్క ఎరుగును. ఆ లెక్కలో తేడా వచ్చినందున ఒక ప్రాణమును గుర్తించెను.

దీనిని విన్నప్పుడు లూకా సువార్త 10వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన సమరయుని కథ మరియొక విధముగా నాకు కనబడెను. ఈ కథ మీకు కంఠపాఠమే. ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగెను. ఆ ప్రశ్నలో ఒక కొలత కలదు: ఎంత దూరము వరకు పొరుగు, ఏ వీధి దాటిన తరువాత పొరుగు కాదు? ప్రభువు ఆ కొలతకు జవాబు చెప్పలేదు. కథ ముగించి, ఆ ముగ్గురిలో పడియున్నవానికి పొరుగువాడైనది ఎవడని తిరిగి అడిగెను. పొరుగు అనునది ఉండునది కాదు, అగునది అన్నమాట. ఇంతవరకు మీరు అనేక ప్రసంగములలో వినియున్నారు.

కాని సమరయుడు ఆ గాయపడినవాని పేరు అడిగినట్లు వ్రాయబడలేదు. ఏ ఊరివాడవని అడుగలేదు. అతడు ఆ త్రోవను పోవు ప్రయాణికుడు. అతని ఇల్లు అక్కడ లేదు. యెరూషలేమునుండి యెరికోకు దిగు ఆ త్రోవ 25 కిలోమీటర్లకు పైబడినది, కొండల నడుమ, మనుష్యసంచారము తక్కువైనది. అక్కడ జరిగినది పూర్తిగా మన ఆర్టీసీ కాంప్లెక్సులో జరుగదగిన సంగతి. ఎరుగనివాడు ఎరుగనివానికి చేసిన మేలు. మరునాడు అతడు తన పనిమీద తాను పోయెను. ఆ గాయపడినవానితో చుట్టరికము కలుపుకొని ప్రతి పండుగకు రాకపోకలు సాగించెనని ఎవరును చెప్పరు. యాజకుడును లేవీయుడును గాయపడినవానికి స్వజనులే అయియుందురు; పల్లె లెక్కలో వారే దగ్గరివారు.

ఆ కథలో ఇంకొకడున్నాడు. వానిగూర్చి ప్రసంగము నేను ఎన్నడును వినలేదు. వాడు పూటకూళ్లవాడు. నేటి మాటలో హాస్టలు నడుపువాడు, మెస్సు యజమానుడు. వానికి రెండు దేనారములు ఇచ్చిరి. మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట కూలిని బట్టి చూచిన ఒక దేనారము ఒక దినపు కూలి. రెండు దినముల కూలి చేతబెట్టి, మిగిలినది తిరిగివచ్చి యిచ్చెదనని ఒక పరదేశి, అందులోను సమరయుడు, నోటిమాట చెప్పి పోయెను. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మెనా? రోగిని మూడవ దినమున వీధిలో పెట్టెనా? కథలో చెప్పబడలేదు గాని, వాడు నమ్మకపోయినయెడల సమరయుని ప్రేమ అక్కడికే నిలిచిపోవును. సమరయుడు ఒక్క రాత్రి సేవ చేసెను. తరువాతి దినములన్నియు గంజి కాచినవాడు, కట్టు మార్చినవాడు ఈ డబ్బు పుచ్చుకొన్న మనుష్యుడే.

డబ్బు పుచ్చుకొని చేసినది ప్రేమ ఎట్లగునని మీరు అడుగవచ్చును. పట్టణములోని సంబంధములలో ముప్పాతిక పాలు డబ్బుతో ముడిపడినవే. పాలవాడు, నీళ్లవాడు, ఇంటి యజమానుడు, ఆటో నడుపువాడు, మెస్సులో వడ్డించు అమ్మ. వీటినన్నిటిని ప్రేమ కాదని త్రోసివేసిన పట్టణములో నిజముగా ఏమియు మిగులదు. నాకు తోచినది ఇది: కూలి ముట్టినంతవరకు పని, ముట్టిన కూలిని మించి చూచుట పొరుగుతనము. నీళ్లవాడు క్యాను వేసినందుకు డబ్బు పుచ్చుకొనెను. తలుపు త్రోసినందుకు ఎవరును ఏమియు ఇయ్యలేదు. అయితే క్యాను వేయు పని లేనియెడల ఆ తలుపు దగ్గరకు వాడు వచ్చుటయే లేదు. పనియే వానిని అక్కడికి తెచ్చినది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోయెదను. లండను మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను తెలుగు క్రైస్తవుని సహాయముతో అక్కడ సువార్తలను తెలుగు చేయుచుండిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను కాలధర్మము నొందిరి. వారి పనిలోని మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చుపడెను. అనగా సమరయుడును పూటకూళ్లవాడును తెలుగు మాటలాడుట నేర్చుకొన్న ఊళ్లలో ఇది ఒకటి. ఆ ఇద్దరు దొరలు ఎవరి పొరుగువారు? ఏడు సముద్రములు దాటి వచ్చి, అచ్చు పుస్తకము చూడకుండగనే పోయిరి.

ఇప్పుడు హుద్‌హుద్ తుపాను సంగతి. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారము. ఒమాను దేశమువారు ఇచ్చిన ఈ పేరు ఒక పక్షి పేరు; లేవీయకాండము 11వ అధ్యాయములోని తినగూడని పక్షులలో మన అనువాదకులు కుకుడుగువ్వ అని వ్రాసినది ఈ జాతిదే. ఆ దినము ఆరాధనకు ఎవరును పోలేదు. తెల్లవారుజామునుండి గాలి పెరిగి, మధ్యాహ్నమునకు తుపాను కన్ను విశాఖ దగ్గరనే తీరము దాటెను. మధ్యలో కొంతసేపు గాలి నిలిచిపోయినది. అయిపోయినదనుకొని కొందరు వీధిలోనికి వచ్చిరి. అంతలో ఇంతకు ముందు వీచిన దిక్కునకు ఎదురు దిక్కునుండి మరల గాలి లేచెను. కిటికీ అద్దములు పగిలెను, రేకులు కాగితములవలె ఎగిరెను, కరెంటు స్తంభములు వంగెను. సాయంకాలము తలుపు తీసి చూచిన మా సందులో నిలిచియున్న చెట్టు ఒక్కటియు లేదు.

కరెంటు లేదు. కరెంటు లేనందున మోటారు లేదు, మోటారు లేనందున మిద్దెమీది ట్యాంకులో నీళ్లు లేవు. ఫోనులు మూగబోయెను. పాల ధర, నీళ్ల ధర ఇష్టము వచ్చినట్లు చెప్పినవారు కలరు, అదియు పట్టణమే. మా అపార్టుమెంటులో పండ్రెండు వాటాలున్నవి. అంతవరకు మెట్లమీద ఎదురుపడిన తల ఊపుకొని పోవువారమేగాని, ఎవరి ఇంట ఎందరున్నారో ఎవరికిని తెలియదు. ఆ రాత్రి క్రింది వాటావారి గ్యాసు పొయ్యిమీద అందరికి ఉప్మా వండిరి. వీధి చివర ఒక పాత ఇంటి పెరటిలో బావియున్నదని, దానిలో నీళ్లున్నవని అప్పుడు తెలిసినది. ఆ ఇంటి ముసలమ్మ గేటు తీసి, "రండమ్మా, ఎవరైతే ఏంటి, తోడుకోండి" అనెను. మిద్దెలలోని వారందరు, హాస్టలు పిల్లలు, టీ కొట్టువాడు, మేము, బిందెలు పట్టుకొని వరుసగా నిలిచితిమి. నేను ఆ వరుసలో నిలిచి, మన ఊరి బావిని తలంచుకొంటిని. చేదత్రాడు చేతులు మారుచున్నది. ఎవరి చెయ్యి అని ఎవరును చూచుట లేదు.

మూడవ అంతస్తులో ఒంటరిగా నున్న వృద్ధురాలికి ఇన్సులిను మందు కావలసియుండెను. అది చల్లగా ఉంచవలెను. ఇంట ఫ్రిజ్జు పనిచేయదు. ఎదుటి వాటాలోని కుర్రవాడు మట్టి కుండ తెచ్చి, తడి ఇసుకలో పెట్టి, దానిలో మందు సీసాను ఉంచెను. ఆ కుర్రవాడు ఆమెకు ఎదురుగా రెండేండ్లనుండి కాపురముండి ఆమె రోగమేమో ఆ దినమే విన్నాడు.

అంతకంటె నన్ను ఆశ్చర్యపరచినవారు కరెంటు పనివారు. వారు మన ఊరివారు కారు. ఇతర జిల్లాలనుండి లారీలలో వచ్చి, రాత్రింబగళ్లు స్తంభములు పాతి తీగలు లాగిరి. వేరే పట్టణములనుండి వచ్చిన పారిశుధ్య కార్మికులు కూలిన కొమ్మలను, పెంకులను ఎత్తిపోసిరి. మా సందులో పని ముగిసి దీపము వెలిగినప్పుడు అందరు చప్పట్లు కొట్టిరి. స్తంభము మీదివాడు క్రిందికి దిగి, నీళ్లు త్రాగి, పక్క సందుకు పోయెను. వాని పేరు మాలో ఎవరును అడుగలేదు.

దీపములు వచ్చిన వారము దినములకు తలుపులు మరల మూతపడెను. దీనిని చూచి నా కుమార్తె చాల నొచ్చుకొని, "అవసరమున్నంతసేపే మనుషులు నాన్నా" అనెను. నేను ఆ మాటను ఒప్పుకొనలేదు. ఆకలి వేసినప్పుడు అన్నము తిని, కడుపు నిండిన తరువాత విస్తరి ముందునుండి లేచిపోవుట కృతఘ్నత కాదు. ప్రతి దినము పండ్రెండు వాటాలవారు ఒకే పొయ్యిమీద వండుకొనుట మొదలుపెట్టిన, నెల తిరుగక ముందే ఉప్పు ఎక్కువైనదని తగవులు వచ్చును. సామెతల గ్రంథములో ఒకచోట దూరపు సహోదరుని కంటె దగ్గరి పొరుగువాడే మేలను భావమున్నది. అదే గ్రంథములో మరియొకచోట పొరుగువాని ఇంటికి మాటిమాటికి పోకుమని, పోయిన వానికి విసుగు పుట్టునని కూడ బుద్ధి చెప్పబడినది. రెండును జ్ఞానమే. తలుపు మూయుట పాపము కాదు. తట్టినప్పుడు ఎవరి తలుపో తెలియకపోవుట, తట్టవలెనన్న ఆలోచనయే రాకపోవుట, ఇదే ప్రమాదము.

2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున ఇదే నగరములో ఆర్.ఆర్. వెంకటాపురము దగ్గర కర్మాగారమునుండి స్టైరీను విషవాయువు వెలువడి పండ్రెండుమంది చనిపోయిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. దేశమంతట లాక్‌డౌను నడుచుచున్న దినములవి. మనుష్యునికి మనుష్యుడు దూరముగా నుండవలెనని ఆజ్ఞ. అట్టి దినములలో పరుగెత్తుచు వీధులలో పడిపోయినవారిని భుజముల మీద మోసి, మోటారు సైకిళ్లమీద, ఆటోలలో తరలించిరి. తలుపులు తట్టి నిద్రించువారిని లేపిరి. తలుపు వెనుక ఎవరున్నారో తెలిసినవారు త్వరగా తట్టగలిగిరని నేను తలంచుచున్నాను. ఫలాని ఇంట నడువలేని తాత ఉన్నాడని, ఫలాని గదిలో చంటిబిడ్డతో తల్లి ఉన్నదని తెలిసియుండుట అట్టివేళ ప్రాణమంత విలువగలది. అప్పుడు పేరుతో పని యున్నది.

ఇట్లు నా ఆలోచన రెండు ప్రక్కలకు లాగుచుండగా రోమా పత్రిక 16వ అధ్యాయము చదివితిని. మనలో చాలమంది దానిని దాటివేయుదురు, అన్నియు పేర్లే గనుక. పౌలు అప్పటికి రోమా పట్టణమును చూడలేదు. అయినను అక్కడ నున్న ఇరువది మందికి పైగా పేరుపేరున వందనములు చెప్పుచున్నాడు. రూఫునకు చెప్పి, అతని తల్లిని తనకును తల్లియేనని చెప్పుకొనుచున్నాడు. పత్రిక చేవ్రాత వ్రాసిన తెర్తియు మధ్యలో తన వందనము తానే చేర్చుచున్నాడు. క్వర్తు అనువానిగూర్చి సహోదరుడనుట తప్ప మరేమియు చెప్పబడలేదు. రెండువేల యేండ్లనుండి ఆ ఒక్క మాటతో అతడు బ్రతికియున్నాడు. రోమా అప్పటి లోకములో మహాపట్టణము, మన విశాఖ కంటె ఎక్కువ గందరగోళము. ఆ గందరగోళములో ఎవరు ఏ ఇంట కూడుకొనుచున్నారో పౌలునకు తెలియును.

ఆ అధ్యాయము మొదటి పేరు ఫీబే. ఆమె కెంక్రేయలోని సంఘ సేవకురాలు. కెంక్రేయ అనునది కొరింథు పట్టణపు ఓడరేవు. ఓడరేవులో సంఘ సేవ అనగా ఏమైయుండునో విశాఖను చూచినవానికి చెప్పనక్కరలేదు: ఓడ దిగువారు, ఎక్కువారు, డబ్బు పోగొట్టుకొన్నవారు, జ్వరముతో దిగినవారు, భాష రానివారు. ఆమె అనేకులకు సహాయురాలని పౌలు వ్రాసెను. ఆ అనేకులలో మరునాడు కనబడనివారే ఎక్కువయుందురు. ఇప్పుడు ఆమెయే పరదేశియై రోమాకు పోవుచున్నది. ఆ పత్రికను ఆమెయే తీసికొనిపోయెనని చాలమంది పండితుల తలంపు. ఎందరికో త్రోవ చూపినదానికి త్రోవ చూపుడని పౌలు ఆమె పేరు మొదట వ్రాసెను.

మన పాత సంఘములలో ఈ పద్ధతి ఉండెడిది. ఒక కుటుంబము వేరే ఊరికి పోవుచున్నయెడల పాదిరిగారు యోగ్యతాపత్రిక వ్రాసి యిచ్చెడివారు. ఆ కాగితము పట్టుకొని క్రొత్త ఊరి సంఘములో నిలిచిన వారికి ఒక బల్ల, ఒక పాటల పుస్తకము, ఒక ఇంట భోజనము దొరకెడివి. ఇప్పుడు మన పిల్లలు కోచింగు ఫీజు రశీదు, ఆధారు కార్డు నకలు పట్టుకొని బస్సెక్కుచున్నారు. ఆ రెండు కాగితములలో వారి పేరున్నది గాని, వారిని ఎరిగినవాని పేరు లేదు. పిల్లవాని తండ్రి నెలనెల ఫోనులో డబ్బు పంపును, ఫోనులోనే క్షేమమడుగును. హాస్టలు నడుపువాని పేరు అడిగిన తండ్రులు ఎందరు? నేను మన ఊరి పది కుటుంబములను అడిగితిని, ఇద్దరు చెప్పగలిగిరి. ఆ పూటకూళ్లవాని ఊరేదో, వానికి పిల్లలెందరో తెలిసినవాడు ఒక్కడు. ఆ ఒక్కడు వేరుసెనగ మూటతో పోయి వానిని పలుకరించి వచ్చినవాడు. "కాయలకేటండీ, ఆడు మా గుంటడ్ని సూస్తన్నాడు గదా" అనెను.

అయితే పేటనుండి వచ్చి ఎవరికిని తెలియక తలయెత్తుకొని నడుచుచున్న ఆ పోలీసు పరీక్ష పిల్లవానికి నేనేమి చెప్పుదును? వాని పేరు, ఊరు అందరికి తెలియవలెనని చెప్పిన, వానిని మరల ఆ పాత గ్లాసు దగ్గరకు పంపినట్లగునేమో. వానిని ఎరుగుట ఎందుకొరకు, వాని హద్దు నిర్ణయించుటకా, వాని జ్వరము తెలిసికొనుటకా, అనునది ఎరుగువాని మనస్సులో నున్నది. ఎరుగబడువానికి ముందుగా తెలియు మార్గము లేదు. కాబట్టి వాడు తన పేరును కొంతకాలము దాచుకొనిన, వానిని నేను తప్పుపట్టను. ముందుగా నా పేరు, నా పేట వానికి చెప్పితిని. వాడు కొంచెము నవ్వి, తన ఊరి పేరు చెప్పెను, పేటను చెప్పలేదు. రెండు నెలల తరువాత చెప్పెను.

మా అపార్టుమెంటులో తుపాను తరువాత ఒక పని జరిగినది. రెండవ అంతస్తులోని ఒక గృహిణి పాత క్యాలెండరు కాగితము వెనుక పండ్రెండు వాటాలవారి పేర్లు, స్వంత ఊరు, ఇంటిలోని వృద్ధుల మందులు, ఊరిలోని బంధువుల ఫోను నంబరు వ్రాసికొని, తన వంటింటి తలుపు వెనుక అంటించెను. ఆమె మన మతస్థురాలు కాదు. దానిని ఎవరికిని చూపుట లేదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు ఆ కాగితము తీసి చూడగా, పండ్రెండు పేర్లలో ఏడు మారిపోయియుండెను. పాతవి కొట్టివేసి క్రొత్తవి వ్రాసెను. మూడవ అంతస్తులోని వృద్ధురాలి పేరు ఎదుట మందు పేరు అట్లే యున్నది. అప్పటినుండి చోటు చాలక, మరియొక సంవత్సరపు క్యాలెండరు కాగితము క్రింద అతికించెను. మొన్న నేను పోయినప్పుడు ఆమె చూపగా చూచితిని. చివరి పంక్తిలో క్రొత్తగా దిగిన పాడేరు వైపు పిల్లవాని పేరున్నది, ఊరున్నది. తండ్రి ఫోను నంబరు కొరకు విడిచిన చోటు ఇంకను ఖాళీగా నున్నది. వాని ఊరిలో సిగ్నలు సరిగా అందదట, వారపు సంతకు దిగినప్పుడు ఇంటికి చేసెదనని వాడు చెప్పినాడట.